ఎనిమిది గంటల వెలుగు

టైలరమ్మ పొద్దున్నే లేచి చేసే పనుల్లో మొదటిది టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టడం. రెండోది హాల్లోకి వచ్చి, కిటికీ పక్కనున్న ఉప్పునీళ్ళ అక్వేరియం అద్దానికి ముక్కు ఆనించి, లోపల అందరూ క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోవడం. బట్టల షాపులో ప్యాంట్ల అంచులు కుట్టే ఆవిడని అక్కడ అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. ఇంట్లో మొగుడికి "ఇదిగో", అత్తగారికి "అమ్మాయ్", కూతురికి "అమ్మా". అసలు పేరుతో ఆవిడకి పని పడి చాలా ఏళ్ళయింది.

ఆ శనివారం పొద్దున లోపల అందరూ ఉన్నారు గానీ క్షేమంగా లేరు. నారింజ రంగు చేపల జంట బాగానే తిరుగుతోంది. ఆ జంటని అత్తగారు "మొగుడూ పెళ్ళాం" అంటుంది, వాటిలో పెద్దది పెళ్ళామని తెలిసినప్పటి నుంచీ మరీ ముద్దుగా అంటుంది. నీలం చేప కూడా హుషారుగానే ఉంది. రాళ్ళ మీద ఉన్న పగడాలే రోజురోజుకీ పాలిపోతున్నాయి. వేళ్ళు చాపుకుని ఊగే ఆకుపచ్చ పగడం ఇప్పుడు ఉతికి ఉతికి వెలిసిపోయిన లంగాలా ఉంది. ఊదారంగు కొమ్మల చివర్లు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. అద్దం మీద మాత్రం గోధుమరంగు పాచి, ఎన్నిసార్లు గీకినా మళ్ళీ మళ్ళీ పడుతోంది.

"ఏం తక్కువైందమ్మా మీకు?" అంది టైలరమ్మ అద్దంతో. వెనక టీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆ అక్వేరియం కూతురిది. ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలుచుకునే ఆ పిల్ల కాలేజీ రోజుల్లో మొదలుపెట్టి, ఒక్కో రాయీ పేర్చి, ఒక్కో పగడాన్నీ వేలెడంత ముక్కగా తెచ్చి అతికించి పెంచింది. నానమ్మ వాటిని మొక్కలంటే చాలు, "మొక్కలు కావు నానమ్మా, ప్రాణులు!" అని మీదికొచ్చేది. చదువయ్యాక మందుల కంపెనీ ల్యాబులో మంచి ఉద్యోగం వచ్చింది. సిటీ బస్సు నడిపే తండ్రి డిపోలో తోటి డ్రైవర్లందరికీ స్వీట్లు పంచాడు. రెండేళ్ళు తిరక్కుండా ఆ ఉద్యోగం వదిలేసి, సముద్రం ఒడ్డున పగడాలు పెంచే కేంద్రంలో చేరతానంది పిచ్చుక.

"ఉప్పునీళ్ళలో మునగడానికా నిన్ను చదివించింది?" అన్నాడు తండ్రి.

"మునగడానికే నాన్నా. నాకు అదే ఇష్టం."

"నీ ఇష్టమే అయితే ఇక నన్నేమీ అడక్కు."

అంతే. ఆయన అన్నాడు, ఆ పిల్ల అడగలేదు. మొండితనంలో ఇద్దరూ ఒకే తానులో ముక్కలు. పిచ్చుక వెళ్ళి ఏడాది కావస్తోంది. రోజూ సాయంత్రం తల్లికి ఫోన్ చేస్తుంది, ఆ ఫోన్ మోగగానే డ్రైవరుగారికి బాల్కనీలో ఏదో పని గుర్తొస్తుంది. పండగో, పబ్బమో, జ్వరమో, ఏ కబురైనా ఆ తల్లీకూతుళ్ళ మధ్య మొదలయ్యేది ఒక్క ప్రశ్నతోనే. "అమ్మా, పగడాలెలా ఉన్నాయి?"

వెళ్ళేటప్పుడు పిచ్చుక టైమర్ పెట్టి వెళ్ళింది. పదింటికి లైటు దానంతటదే వెలుగుతుంది, ఆరింటికి దానంతటదే ఆరుతుంది. టైమర్ మీద చీటీ కూడా అతికించింది. "రోజుకి ఎనిమిది గంటలే. ఎవరూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా నానమ్మ." ఆ చీటీ చూసి నానమ్మ రెండు రోజులు అలిగింది.

చిక్కేమిటంటే టైలరమ్మ షాపు నుంచి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే హాల్లో ఆ మూల నల్లగా ఉంటుంది. ఒకప్పుడు ఆ మూల పిచ్చుక నేల మీద మఠం వేసుకుని కూర్చుని, నీలి వెలుగు మొహం మీద పడుతుంటే, తల తిప్పకుండానే "వచ్చావా అమ్మా" అనేది. టైమర్ పక్కన చిన్న మీట ఉంది. అది పైకి నొక్కితే టైమర్ మాట చెల్లదు, లైటు వెలుగుతూనే ఉంటుంది. ఒకరోజు, మొగుడు పడుకున్నాక, అత్తగారి గది తలుపు పడ్డాక, ఆవిడ ఆ మీట నొక్కింది. కాసేపే అనుకుంది. షాపు నుంచి తెచ్చుకున్న కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని ఆ వెలుగులో కూర్చుంది. కాసేపు కాస్తా గంటలయింది, ఒకరోజు కాస్తా రోజూ అయింది.

తరవాత పగడాలు పాలిపోవడం మొదలయ్యాక ఆవిడకి ధైర్యం కూడా వచ్చింది. నీడలో పెట్టిన మొక్క పాలిపోతే ఎండలో పెడతాం కదా? పాపం, వెలుగు చాలక ఇలా అయిపోతున్నాయని ఇంకో గంట ఎక్కువ వేసింది. అవి ఇంకా తెల్లబడ్డాయి. ఇంకో అరగంట వేసింది. కూతురు ఫొటో పంపమంటే మాత్రం ఫోనులో వెతికి పాత ఫొటో పంపేది.

పొంగిన టీ తుడుస్తుంటే ఫోన్ మోగింది. పొద్దున్నే పిచ్చుక ఫోన్ చెయ్యదు. టైలరమ్మ చేతిలో గుడ్డతోనే పరుగెత్తింది.

"అమ్మా, రేపు వస్తున్నా."

"నిజంగా? ఉండిపోతావా నాలుగు రోజులు?"

"ఒక్కరోజే. మా కేంద్రం వ్యాను ఇస్తున్నారు. నీళ్ళ డబ్బాలు కూడా తెస్తున్నా."

"డబ్బాలెందుకే?"

"అమ్మా, నువ్వు పంపే ఫొటోల్లో నీలం చేప తోక మీద ఇంకా గాయం ఉంది. ఆ గాయం నేను ఉండగానే మానిపోయింది. పాత ఫొటోలు పంపుతున్నావని నాకెప్పుడో తెలుసు. వచ్చి చూస్తా. బాగుంటే అక్కడే ఉంచుతా. బాగా లేకపోతే తెచ్చేసుకుంటా. ఇక్కడ చోటుంది."

టైలరమ్మ "సరే" అంది. ఫోన్ పెట్టేశాక వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయింది. ఆ పగడాలు వెళ్ళిపోతే రోజూ సాయంత్రం ఆ పిల్ల దేని కోసం ఫోన్ చేస్తుంది? తండ్రి మాట్లాడడు. తల్లికి పగడాల గురించి తప్ప ఆ పిల్ల లోకం గురించి ఒక్క ముక్క తెలీదు. ఉన్న ఒక్క దారం కూడా తెగిపోతుంది. కుట్టుపని చేసేదానికి, దారం తెగితే ఏమవుతుందో ఒకరు చెప్పాలా?

ఆ రోజు షాపులో ఒక పెద్దమనిషి ప్యాంటు కాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి కుట్టేసింది. ఒంట్లో బాగాలేదని చెప్పి సగం పూట సెలవు పెట్టి ఇంటికొచ్చింది. అప్పటికే డ్రైవరుగారు డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు. తెల్లారే మొదటి బస్సు ఆయనది. ఊరంతా నిద్రలో ఉండగా వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చేస్తాడు. హాల్లో అక్వేరియం లైటు వెలుగుతోంది. దానికి ఎదురుగా కుర్చీలో పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, కునుకు తీస్తోంది. డ్రైవరుగారు అలవాటు ప్రకారం అటు చూడకుండా, గోడ వైపు మొహం తిప్పుకుని లోపలికి నడిచాడు.

"రేపు పిచ్చుక వస్తోంది" అంది టైలరమ్మ.

ఆయన అడుగు ఆగింది. "రానీ."

"వ్యాను తెస్తోంది. పగడాలు పట్టుకెళ్ళిపోతుందట."

"మంచిదేగా. హాల్లో చోటు కలిసొస్తుంది."

ఆ మాటతో ఆవిడకి పొద్దుటి నుంచీ దిగమింగుకుంటున్నదంతా పైకి తన్నుకొచ్చింది.

"చోటా? మీకు కావలసింది చోటా? చూడండి ఇటు! ఏడాదిగా ఒక్కసారైనా ఇటు తిరిగి చూశారా? ఎలా తెల్లబోయాయో చూడండి! ఊరికే అవుతుందా ఇలా? ఎవరో ఏదో చేశారు."

"ఎవరో అంటే?"

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను చెయ్యలేదు. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవలేని మనిషి అత్తయ్య. ఇక మిగిలిందెవరు?"

డ్రైవరుగారి మొహం ఎర్రబడింది. "నేను... నేను వాటినేదో చేశానంటావా?"

"పిల్ల మీద కోపం వీటి మీద తీర్చుకున్నారు. నోరులేనివి కదా, చెప్పుకోలేవని!"

పెద్దావిడకి మెలకువ వచ్చింది. కళ్ళజోడు పైకి తోసుకుని కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అని ఎవరినీ ఉద్దేశించకుండా ఒక మాట వదిలి, చీర కుచ్చెళ్ళు సర్దుకోవడంలో పడింది.

డ్రైవరుగారు అరుస్తాడనుకుంది టైలరమ్మ. అరిస్తే బాగుండేది, ఆవిడ కూడా అరిచి, ఏడ్చి, తేలికపడేది. ఆయన అరవలేదు. బూట్లు రెండూ జతగా పక్కన పెట్టాడు.

"పాతికేళ్ళు కాపురం చేశావు. ఇంత మాట అంటావనుకోలేదు" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ పూట అన్నానికి రాలేదు.

మర్నాడు ఆదివారం. పిచ్చుక రానే వచ్చింది. జుట్టు మెడ దాకా కత్తిరించేసుకుంది, ఎండకి నల్లబడింది, భుజాలు గట్టిపడ్డాయి. వెనకాల గుమ్మం బయట నాలుగు పెద్ద డబ్బాలు. టైలరమ్మ కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "చిక్కిపోయావు" అంది. నిజానికి ఆ పిల్ల ఒళ్ళు చేసింది.

తండ్రి బాల్కనీ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. సెలవు రోజున, అప్పటికే తళతళలాడుతున్న బూట్లకి.

"నాన్నా" అంది పిచ్చుక.

"ఊఁ" అన్నాడాయన. బ్రష్ ఆగలేదు.

పిచ్చుక బ్యాగు కింద పెట్టి అక్వేరియం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పాచి పట్టిన అద్దం మీద వేలితో గీత గీసింది. తెల్లబడ్డ కొమ్మల్ని ఒక్కొక్కటిగా చూసింది. టైలరమ్మకి పరీక్ష పేపరు దిద్దుతున్న మాస్టారి ముందు నిలబడ్డట్టుంది.

"వెలుగు చాలక ఇలా అయ్యాయి కదే?" అంది ఉండబట్టలేక.

"చాలక కాదమ్మా, ఎక్కువై. ఎవరు వేశారు లైటు?"

గుమ్మం దగ్గర బ్రష్ చప్పుడు ఆగిపోయింది.

"టైమర్ సరిగ్గానే ఉంది. ఎవరో మీట నొక్కుతున్నారు. అమ్మా?"

టైలరమ్మ తేలుకుట్టిన దొంగలా నిలబడింది. ఆవిడ నోరు తెరిచేలోపే కుర్చీలోంచి పెద్దావిడ గొంతు వినబడింది.

"నేనే వేశాను. ఏం, ఉరి తీస్తావా?"

"అత్తయ్యా! మీరా?" అంది టైలరమ్మ.

"నేనే. నువ్వు పొద్దున్న ఎనిమిదింటికి గుమ్మం దాటగానే గోడ పట్టుకుని లేచి వేస్తాను. లోకానికంతా తెల్లారితే, వీటికి మాత్రం పదింటికి తెల్లారడమేమిటి? మొగుడూ పెళ్ళాం చీకట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే నాకు చూడబుద్ధేసింది కాదు. పైగా ఇల్లంతా ఖాళీ. నాకూ ఎవరో ఒకరు ఉండొద్దా మాట్లాడ్డానికి?" ఆఖరి మాట దగ్గర ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "తరవాత తరవాత తెల్లబడుతున్నాయని ఒక్కరోజు కూడా మానకుండా వేశాను. పాపం, రక్తం లేని పిల్లల్లా అయిపోయాయి కదా అని."

పిచ్చుక నవ్వు ఆపుకుంది. "చీటీ మీద నీ పేరు ఊరికే రాశానా నానమ్మా! కానీ రోజుకి రెండు గంటలకి ఇంత అవ్వదే."

టైలరమ్మ ఇక దాచలేకపోయింది. "రాత్రిళ్ళు నేను వేస్తున్నాను. మీ నాన్న పడుకున్నాక. రెండు గంటలు... మూడు... ఒక్కోసారి కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని అలాగే కాసేపు కునుకు తీస్తాను." ఆవిడకి ఏడుపొచ్చేసింది. "ఇంటికొస్తే ఆ మూల చీకటిగా ఉంటే నావల్ల కాలేదే. లైటు వేస్తే నువ్వు ఇక్కడే ఎక్కడో ఉన్నట్టుండేది."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అత్తా కోడలూ ఒకరికి తెలీకుండా ఒకరు తాగుతూ వచ్చారన్నమాట. పెద్దావిడ కోడలి వంక చూసి, "కునుకు తీస్తున్నానని, నన్ను కుర్చీలోంచి లేవలేని మనిషన్నావు కదుటే నిన్న!" అంది. అంత ఏడుపులోనూ టైలరమ్మకి నవ్వొచ్చింది.

పిచ్చుక మాత్రం నవ్వలేదు. అద్దంలోకి చూస్తూ, "ఇంకా ఉంది" అంది మెల్లగా. "తెల్లారకముందే కూడా ఎవరో లైటు వేస్తున్నారు. బొత్తిగా విశ్రాంతి లేనట్టుంది."

ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కసారే బాల్కనీ గుమ్మం వైపు తిరిగారు. డ్రైవరుగారు ఒక చేతిలో బూటు, ఒక చేతిలో బ్రష్‌తో అలాగే ఉన్నాడు. ఆ బూటు లోపలేదో పోయినట్టు అందులోకి చూస్తున్నాడు.

"డ్యూటీకి వెళ్ళేముందు" అన్నాడు చివరికి. "ఓ గంట. టీ తాగే దాకా."

"రోజూనా?" అంది టైలరమ్మ.

"రోజూనే." ఆయన బూటు కింద పెట్టాడు. "తెల్లబడుతున్నాయని నేనూ చూశాను. బతికించాలనే వేశాను. చంపాలని కాదు."

టైలరమ్మకి నిన్నటి తన మాట తనకే చెళ్ళుమని తగిలింది. ఏడాదిగా గోడ వైపు మొహం తిప్పుకుని నడిచిన మనిషి, అందరూ లేచేలోగా ఆ అద్దం ముందు కూర్చుని టీ తాగేవాడన్నమాట. పక్కనే పడుకునే మనిషి ఎప్పుడు లేచాడో, ఎక్కడ కూర్చున్నాడో తనకి తెలీదు. నోరులేనివి చెప్పుకోలేవని అంది తను. ఆయనకు మాత్రం నోరుందా?

పిచ్చుక అద్దానికి వీపు ఆనించి నేల మీద కూలబడింది. ముగ్గురినీ చూసింది. చిన్నప్పుడు తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు, కోపం లేకుండా చెప్పుకొచ్చింది.

"పగడం సొంతంగా పెద్దగా వండుకోలేదమ్మా. దాని ఒంట్లో కంటికి కనబడని జీవులు కాపురం ఉంటాయి. ఈ రంగంతా చాలా వరకు వాటిదే. పగలు వెలుగు తీసుకుని అవే దీనికి వండి పెడతాయి. వెలుగు మితం తప్పితే ఆ వంటే విషమవుతుంది. అప్పుడు ఈ పగడం తట్టుకోలేక, తనకి అన్నం పెట్టేవాళ్ళనే బయటికి గెంటేస్తుంది. గెంటేసి, ఇదిగో, ఇలా తెల్లబోయి కూర్చుంటుంది."

ఆ పిల్ల పగడం గురించే చెప్పింది. కానీ డ్రైవరుగారు బ్రష్ కింద పెట్టేశాడు.

"అయితే చచ్చిపోయినట్టేనా?" అన్నాడు.

ఏడాది తరవాత ఆయన కూతుర్ని అడిగిన మొదటి ప్రశ్న అది. పిచ్చుక తల ఎత్తి తండ్రిని చూసింది.

"లేదు నాన్నా. తెల్లబోయాయి గానీ చావలేదు. చూడు, ఒళ్ళింకా ఉంది, పల్చగా. వెలుగు తగ్గించి, మేత పెట్టి, ఓపిక పడితే వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారు. రంగు తిరుగుతుంది. నెలలు పడుతుంది."

"అయితే డబ్బాల్లో పెట్టుకుని నువ్వే పట్టుకెళ్ళు. నీ దగ్గరైతే బతుకుతాయి" అన్నాడాయన.

టైలరమ్మ అక్కడికక్కడే భోరుమంది. "వద్దు! వీటిని పట్టుకెళ్ళిపోతే ఇక దేని కోసం ఫోన్ చేస్తుంది? దేని కోసం వస్తుంది?"

"అమ్మా!" పిచ్చుక లేచి వచ్చి తల్లిని పట్టుకుంది. "పగడాల కోసం ఫోన్ చేస్తున్నాననుకున్నావా ఇన్నాళ్ళూ? నీతో మాట మొదలెట్టడానికి నాకేదో ఒకటి కావాలి కదా. నాన్న ఎలా ఉన్నాడని అడిగితే నువ్వు ఏడుస్తావు. నువ్వెలా ఉన్నావని అడిగితే బాగున్నానని అబద్ధం చెబుతావు. పగడాల గురించైతే నిజం చెబుతావనుకున్నా." ముక్కు తుడుచుకుంది. "అదీ చెప్పలేదు, అది వేరే సంగతి."

పెద్దావిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇంతకీ పట్టుకెళ్తావా, ఉంచుతావా? ఏదో ఒకటి తేల్చు తల్లీ, నా మొగుడూ పెళ్ళాం దిగులు పడుతున్నారు" అంది.

"ఇప్పుడు కదిపితే దార్లోనే పోతాయి నానమ్మా. ఇక్కడే ఉంటాయి. ఆదివారాలు కుదిరినప్పుడల్లా నేనే వచ్చి చూసుకుంటా. కానీ ఇక నుంచి లైటు నేను చెప్పినట్టే వెయ్యాలి. ముందు కొన్నాళ్ళు రోజుకి ఆరు గంటలే, అదీ సగం వెలుగు. కోలుకున్నాక మెల్లమెల్లగా పెంచి ఎనిమిదికి తెద్దాం. అంతకు మించి ఒక్క నిమిషం కూడా వద్దు. చీకటి కూడా వాటికి తిండి లాంటిదే."

ఆ ఆరు గంటలు ఎప్పుడన్న దగ్గర పెద్ద పంచాయితీ అయింది. పెద్దావిడ పొద్దున్నే కావాలంది. టైలరమ్మ రాత్రి దాకా ఉండాలంది. "ముక్కలు ముక్కలుగా వెయ్యడం కుదరదు, ఒకేసారి వరసగా ఉండాలి" అని పిచ్చుక ఇద్దరినీ కసిరింది. అంతా అయ్యాక డ్రైవరుగారు గొంతు సవరించుకున్నాడు.

"మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది దాకా పెట్టు. అమ్మ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. నేను మూడింటికి వస్తాను. మీ అమ్మ ఏడింటికి వస్తుంది. నేను పడుకునేలోగా ఓ గంట అందరం ఉంటాం."

"మరి నీ పొద్దుటి టీ?"

"చీకట్లో తాగుతాను. నోరు ఎక్కడుందో తెలుసుగా."

పిచ్చుక టైమర్ తిప్పింది, లైటు తగ్గించింది, మీట మీద టేపు వేసింది. పాత చీటీ చింపలేదు. దాని కింద "ముఖ్యంగా అందరూ" అని కలిపింది.

ఆ రోజంతా నీళ్ళు మార్చడం, అద్దాలు గీకడం, బకెట్లు మొయ్యడం. మధ్యలో టైలరమ్మ టీ కప్పు తెచ్చి మొగుడి చేతికిచ్చి, పక్కనే నిలబడి, "నిన్న నేనన్న మాట..." అంది.

"ఏ మాట?" అన్నాడు డ్రైవరుగారు. నిజంగా గుర్తులేనట్టే మొహం పెట్టి టీ ఊదుకున్నాడు. అబద్ధం ఆడటం ఆ మనిషికి ఏనాడూ చేతకాదు. ఆ ఒక్క అబద్ధానికి టైలరమ్మ ఆయనకి జీవితాంతం రుణపడి ఉండొచ్చనుకుంది.

సాయంత్రం నలుగురూ అక్వేరియం ముందు చేరారు. పెద్దావిడ కుర్చీలో, మిగిలిన ముగ్గురూ నేల మీద. సగం వెలుగులో నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి. పిచ్చుక తన పని గురించి తల్లికి చెబుతోంది, నీళ్ళ అడుగున తాళ్ళకి పగడపు ముక్కలు ఎలా కడతారో, అల వచ్చినప్పుడు ఒళ్ళు ఎలా వదిలెయ్యాలో. తండ్రి వింటున్నట్టు కనబడకుండా వింటున్నాడు. ఎనిమిదయింది. టిక్కుమని లైటు ఆరిపోయింది.

టైలరమ్మ చెయ్యి అలవాటుగా మీట వైపు వెళ్ళింది. టేపు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. హాలు లైటు వెయ్యడానికి కూడా ఎవరూ లేవలేదు. వీధి దీపం వెలుతురు కిటికీలోంచి కొంచెంగా పడుతోంది. ఒకరి మొహం ఒకరికి కనబడటం లేదు. అక్వేరియంలో పంపు నీళ్ళు తోడుతున్న చప్పుడొక్కటే.

"నాన్నా" అంది పిచ్చుక చీకట్లో. "ఒకటి అడగనా?"

ఇక నన్నేమీ అడక్కు అన్న మాట ఏడాదిగా ఈ ఇంట్లో ఎక్కడ కూర్చుని ఉందో టైలరమ్మకి తెలుసు.

పంపు చప్పుడు మీదుగా ఆయన గొంతు వచ్చింది. "అడుగు తల్లీ."

"అంత పొద్దున్నే లైటు వేసుకుని ఏం చూసేవాడివి?"

"ఆ ఆకుపచ్చది ఉందే, వేళ్ళు చాపేది. రాత్రంతా ముడుచుకుని పడుకునేది. లైటు వెయ్యగానే లేవదు. బద్ధకంగా ఒక్కో వేలూ చాపుతుంది, మళ్ళీ ముడుస్తుంది, మళ్ళీ చాపుతుంది. అది పూర్తిగా లేచేసరికి నా టీ అయిపోయేది." అన్నాడు. "నీ చిన్నప్పటి నుంచీ మొదటి బస్సు నాదే. నువ్వు నిద్ర లేవడం నేనొక్క రోజూ సరిగ్గా చూడలేదు. ఎలా లేచేదానివో మీ అమ్మ చెబితే వినడమే."

నేల మీద బట్టలు రాసుకున్న చప్పుడయింది. పిచ్చుక జరిగి తండ్రి భుజానికి తల ఆనించిందని చూడకుండానే టైలరమ్మకి తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుర్చీలోంచి పెద్దావిడ చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి కోడలి తల మీద ఆగింది.

"రేపు నీ డ్యూటీ ఎన్నింటికి నాన్నా?" అంది పిచ్చుక కాసేపయ్యాక.

"రేపు సెలవు పెట్టాను."

"ఎందుకు?"

"రాత్రికి ఇక్కడే పడుకో. పొద్దున నువ్వు లేచాక వెళ్దువుగాని" అన్నాడు డ్రైవరుగారు.